మా మామ మక్కచేను కాపలా

దమ్మపేట దాటి లోపలికి పోతే, అడవికి ఆనుకుని మా మామకు కొంచెం భూమి ఉంది. "ఆనుకుని" అనేది ఆయన మాట. అడవి శాఖ వాళ్ల మాట ప్రకారం ఆయనే అడవి మీదికి కొంచెం ఆనుకున్నాడు. ఈ తగాదా ఇంకా తేలలేదు. తేలేలోపు నేల ఖాళీగా ఉంచడం ఎందుకని ఇద్దరూ ఏదో ఒకటి వేసుకుంటున్నారు. ఆయన మక్కజొన్న, వాళ్లు జామాయిల్.

నేను ఖమ్మంలో ఒక జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. దానివల్ల అత్తగారింట్లో నాకొక హోదా వచ్చింది. గేదె పాలు తగ్గించినా, కోడి గుడ్ల మీది నుంచి లేచిపోయినా నన్ను పిలిచి చూపిస్తారు. నేను కాసేపు దాన్ని చూస్తాను. వాళ్లు కాసేపు నన్ను చూస్తారు. తర్వాత ఎవరి పనికి వాళ్లం పోతాం.

నా పెళ్లినాటికి ఆ ఊళ్లో అడవిపంది అంటే ఎప్పుడో ఒకసారి వచ్చే చుట్టం. ఇప్పుడు ఇంటి మనిషి. ఎందుకిలా అయిందో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు, చేను గట్టెక్కి చూస్తే చాలు. ఒకప్పుడు కనుచూపు మేర ఇప్ప, తునికి, మద్ది, మధ్యమధ్య వెదురు ఉండేవట. ఇప్పుడందులో సగం జామాయిల్. వరసగా నాటిన చెట్లు, వరసగా పడే నీడ. కింద దుంప లేదు, కాయ లేదు, సరిగ్గా గడ్డి కూడా లేదు. అందులోకి వెళ్లిన పంది ఆ వాసన చూసి, ఇదేదో దగ్గుమందు దుకాణంలా ఉందనుకుని తిరిగొచ్చేస్తుంది. మిగిలిన సగంలో పోడు, రోడ్లు, పశువులు, కట్టెలకు వెళ్లే మనం. పందిని తినే చిరుతలు ఎప్పుడో పోయాయి. ఆ పని చేయగలవాళ్లలో ఇప్పుడు మనుషులే మిగిలారు. వాళ్లకు ఆదివారం కోడి ఉండనే ఉంది.

పంది వైపు నుంచి చూస్తే మా మామ చేను చాలా మర్యాదగా పెట్టిన భోజనం. నీళ్లు పెట్టి, ఎరువు వేసి, మూతి ఎత్తితే అందేంత ఎత్తులో కంకులు. ఒక మంద దిగితే తినేది తక్కువ, తొక్కేది ఎక్కువ. పెళ్లిళ్లలో మనమూ అంతే కాబట్టి ఆ విషయంలో నేను వాటిని పెద్దగా తప్పుపట్టను.

మా మామ తప్పుపట్టేవాడు. ఆ ఏడు వానాకాలం పత్తి వానకే పోయింది. ఇక మిగిలింది యాసంగి మక్క. అది కూడా పందుల పాలైతే భూమిని పామాయిల్ వేసేవాళ్లకు కౌలుకిచ్చేసి, అత్తయ్యను తీసుకుని ఖమ్మంలో మా ఇంటికొచ్చి ఉంటానన్నాడు. అది ఎవరికి చెప్పిన బెదిరింపో నాకు స్పష్టంగా తెలియలేదు. మా ఆవిడ మాత్రం ఆ రోజు నుంచి పందుల గురించి శ్రద్ధగా అడగడం మొదలుపెట్టింది. నిజానికి ఆయనకు ఖమ్మంలో రెండు రోజులుంటే ఊపిరాడదు. మా మూడో అంతస్తు బాల్కనీలో నిలబడి, కింద పార్కింగు చూసి, "ఇక్కడ ఏం పండుతది?" అని అడిగిన మనిషి. ఆ చేను పోతే ఆయన పోయినట్టే. ఆ మాట ఇంట్లో ఎవరూ అనలేదు, అందరికీ తెలుసు.

మొదట చీరలు కట్టాడు. అత్తయ్య పాత చీరలన్నీ కర్రలకు కట్టి అడవి వైపు గట్టు పొడుగునా నిలబెట్టాడు. దూరం నుంచి చూస్తే స్త్రీల కూటమి ఏదో బయలుదేరినట్టుండేది. పందులు ఒక వారం సందేహించి, తర్వాత చీరల కింది నుంచి వచ్చాయి. తర్వాత ఎవరో చెప్పారని దమ్మపేటలో సెలూన్ నుంచి సంచెడు వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లాడు. పంది నేలను వాసన చూస్తూ నడుస్తుంది, వెంట్రుకలు ముక్కులోకి పోతే చికాకుపడి వెనక్కి తిరుగుతుందని లెక్క. లెక్క సరైనదే. కాకపోతే మర్నాడు గాలి లేచి వెంట్రుకల్లో ఎక్కువభాగం పక్క చేనులోకి పోయాయి. ఆ చేనుకు కొన్నాళ్లు పందులు రాలేదు. పక్క చేనాయన వచ్చి మా మామకు కృతజ్ఞతలు చెప్పి వెళ్లాడు.

ఆ తర్వాత మైకు వచ్చింది. సత్తుపల్లిలో అమ్ముతారు. బ్యాటరీతో నడిచే చిన్న మైకు, అందులో మన గొంతు పట్టిపెడితే పొద్దుగూకినప్పటి నుంచి అదే మళ్లీ మళ్లీ అరుస్తుంటుంది. చుట్టుపక్కల రైతులందరూ "హోయ్, హోయ్" అని పట్టారు. సాయంత్రమైతే ఆ అడవి అంచు పొడుగునా చిన్నచిన్న హోయ్‌లు వినిపించేవి. మా మామ దాన్ని కాసేపు విని తల అడ్డంగా ఊపాడు.

"గీ అరుపులకు పంది కాదు, పిట్ట గూడ లేవదు. మీ అత్తయ్య గొంతు పట్టు అల్లుడూ."

మా అత్తయ్య చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఆమె ప్రార్థన చేసేటప్పుడు మైకు తీసి పక్కన పెడతారు. అవసరం లేదని కాదు, మైకుకు మంచిది కాదని. కాని ఫోను ముందు పెట్టి తిట్టమంటే ఆమెకు మాట రాలేదు.

"ఊరికెనే ఎట్ల తిట్టాలె? నువ్వేమన్న జేసినవా?" అంది మామతో.

"ఏం జెయ్యలే. రోజూ తిడ్తవ్ గద, గదే తిట్టు."

"రోజూ ఏదో ఒకటి జేస్తవ్ కాబట్టి తిడ్తున్న. ఊకె తిట్టనీకి నాకేమన్న పిచ్చా?"

మామ కాసేపు ఆలోచించాడు. తర్వాత వాతావరణం గురించి చెబుతున్నట్టు, "మొన్న కొన్న టార్పాలిన్ మా అక్కకిచ్చిన" అన్నాడు.

నేను బటన్ నొక్కాను.

అత్తయ్య టార్పాలిన్‌తో మొదలుపెట్టి, ఆయన అక్క ఇదివరకు తీసుకెళ్లి తిరిగివ్వని సామాన్ల మీదుగా వెనక్కి నడిచి, తమ పెళ్లినాడు వడ్డనలో జరిగిన ఒక అన్యాయం దగ్గర ఆగింది. మధ్యలో పాస్టరమ్మ ప్రస్తావన కూడా వచ్చింది. ఎందుకొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. అంతా అయ్యాక ఫోను చూపించి, ఇదంతా పట్టామని చెప్పాం. కోప్పడుతుందనుకున్నాం. ఆమె ఒకసారి వేయించుకుని శ్రద్ధగా విన్నది.

"గొంతు మంచిగనే వచ్చింది. ఆ పాస్టరమ్మ మాట ఒక్కటి తీసెయ్యండి" అంది.

నాకు తీయడం రాలేదు.

ఆ విధంగా మా అత్తగారింటి చరిత్ర రోజూ పొద్దుగూకగానే అడవి అంచున వినిపించడం మొదలైంది. పందులు నిజంగానే ఆగిపోయాయి. చేను దక్కేట్టుందని మా మామ మంచె మీద కూర్చుని కాలు ఊపడం కూడా మొదలుపెట్టాడు. ఇబ్బంది ఏమిటంటే, వాగు అవతల ఒక గూడెం ఉంది. అడవిలో ఏరుకుని, కొంచెం సాగు చేసుకుని, మిగతా రోజుల్లో కూలికి వెళ్లే కుటుంబాలు. మైకు మూతి అడవి వైపే పెట్టినా గొంతు వాగు దాటింది. మా చేను గట్టు మీదుగానే గూడెం వాళ్లకు అడవిలోకి దారి. ఆ దారిన పోయే ఆడవాళ్లు అత్తయ్య కనిపిస్తే ఆగి, "ఏమక్కా, టార్పాలిన్ వచ్చిందా?" అని అడగసాగారు. వారం తిరిగేలోపు ఆ మాట మామ అక్క చెవిన పడింది. టార్పాలిన్ వచ్చింది. మైకు వల్ల జరిగిన మొదటి లాభం అది.

పందులు ఈ గొంతుకు అలవాటుపడతాయని నేను ముందే చెప్పాను. హాని చేయని చప్పుడు పదేపదే వింటే ఏ జంతువైనా దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఇది మా పాఠంలో ఉంది, పరీక్షలో కూడా వస్తుంది.

"నేనే ఇంతవరకు అలవాటు పడలే, పందులెట్ల పడ్తయ్?" అన్నాడు మామ.

పడ్డాయి. ఒక శనివారం నేను వెళ్లేసరికి ఆయన మైకు కట్టిన కర్ర దగ్గర నిలబడి నేలకేసి చూస్తున్నాడు. కర్ర చుట్టూ గిట్టల గుర్తులు. సరిగ్గా మైకు కిందే కంకులు ఒలిచి తిని, పక్కనే నేల గుల్లచేసి పొర్లి పోయాయి. మైకులో బ్యాటరీ ఇంకా ఉంది, అత్తయ్య ఇంకా పెళ్లి వడ్డన దగ్గరే ఉంది.

"నాకన్న గట్టి గుండెలు" అన్నాడు మామ. నవ్వలేదు. అడవి వైపు వరసల్లో చాలా భాగం పడిపోయి ఉంది. మిగిలిన కంకుల్లో గింజ అప్పుడే గట్టిపడుతోంది. ఎండి కోతకు రావడానికి ఇంకా కొన్ని వారాలు కావాలి. ఆ వారాలు పందులు ఇస్తాయా ఇవ్వవా అన్నదొక్కటే ప్రశ్న.

పక్క చేనాయన గట్టు మీది నుంచే సలహా ఇచ్చాడు. "లైటు పెట్టు బాబాయ్. అందరం పెడ్తలేమా?"

లైటు అంటే లైటు కాదు. చేను చుట్టూ వెదురు పుల్లలు పాతి, మోకాలి ఎత్తున సన్నటి ఇనుప తీగ లాగి, చీకటి పడగానే దాని కొస బోరు మోటారు డబ్బాలో తగిలిస్తారు. తెల్లారాక తీసేస్తారు. ఈ మధ్యలో దానికి తగిలింది ఏదైనా చస్తుంది. అది నేరమని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ కరెంటు అనరు, లైటు అంటారు. మాట మార్చాక పని సగం తేలికవుతుంది.

తగిలింది ఏదైనా అన్నాను. ముందు ఏడాది వాగు పక్కన ఇలాంటి తీగకే ఒక ఎలుగుబంటి తగిలింది. చూడ్డానికి నన్ను కూడా పిలిచారు. అది మక్క కోసం రాలేదు. ఇప్పపువ్వు రాలే కాలం, అటు చెట్ల కిందికి పోతూ దారిలో ఉన్న తీగను దాటబోయింది. పక్కకు ఒరిగి, ముందుకాలు ఒకటి చాపుకుని ఉంది. ఇంకొంచెం దూరం పోవాల్సినట్టుగా. అడవి వాళ్లు వచ్చేసరికి తీగ లేదు, పుల్లలు లేవు, పుల్లలు పాతిన గుంటలు కూడా పూడ్చి ఉన్నాయి. ఎవరి తీగ అని అడిగితే ఊరంతా ఎలుగును చూస్తూ నిలబడింది, అదే చెప్పాలన్నట్టు. ఆ అడవిలో ఎలుగులు ఎన్ని మిగిలాయో నాకు తెలియదు. ఒకటి తగ్గిందని మాత్రం తెలుసు.

మామ తీగ కొనుక్కొచ్చాడు. అత్తయ్య అన్నం వడ్డిస్తూ అడిగింది.

"గిది జేసి, ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి ఎట్ల బోతవ్?"

"పందిని చంపొద్దని బైబిల్ల యాడుంది?"

"మనిషిని చంపొద్దని ఉంది."

"మనిషెందుకొస్తడు తీగ కాడికి?"

"గూడెపోళ్లు రారా? గదే దారి గదా."

ఆ చిక్కు మామకూ తెలుసు. ఇప్పపువ్వు రాలడం మొదలైంది. గూడెం ఆడవాళ్లు మసక వెలుతురులోనే బుట్టలతో బయలుదేరుతారు. ఆలస్యమైతే దుప్పులూ మేకలూ వాళ్లకంటే ముందు తినేస్తాయి. మామ లేచి మోటారు దగ్గరికి వెళ్లి తీగ తీసేలోపే వాళ్లు గట్టు ఎక్కేస్తారు. కాబట్టి లైటు పెట్టాలంటే ముందు దారి మూయాలి.

దారి మూయడానికి అక్కడొక పద్ధతి ఉంది. చేనులో పురుగుమందు కొట్టినా, గట్టు తెగినా, ఆ దారిన కొన్నాళ్లు నడవొద్దని చెప్పాల్సి వస్తే, ఆ చేను ఎవరిదో ఆ మనిషే స్వయంగా గూడేనికి పోయి ఇల్లిల్లూ తిరిగి చెప్పాలి. ఒక్క ఇల్లు కూడా వదలకూడదు. కబురు పంపితే చెల్లదు. ఇదివరకు పక్క చేనాయన జీతగాడితో కబురు పంపాడు. గూడెం వాళ్లు ఆ జీతగాడిని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, అంతా విని, మర్నాడు యథాప్రకారం ఆ దారినే నడిచారు. విన్నారు, కాని ఎవరూ చెప్పనట్టే లెక్క.

ఆ పై శనివారమంతా మామ పుల్లలు పాతి తీగ లాగాడు. కొసను మోటారు డబ్బా దాకా తెచ్చి, తగిలించకుండా చుట్టి పక్కన పెట్టాడు. "రేపు చర్చి అయినంక గూడెం పోదాం, నువ్వు రావాలె" అన్నాడు నాతో. నేనెందుకన్నాను. "చదువుకున్నోడు పక్కన ఉంటే మాట నిలబడ్తది." ఈ తీగ మంచిది కాదని, దొరికితే కేసవుతుందని, పంది కంటే ముందు మరేదో తగులుతుందని నేను చెప్పాల్సినవన్నీ చెప్పాను. "అవ్" అన్నాడు. ఆయన అవ్ అంటే విన్నానని అర్థం, ఒప్పుకున్నానని కాదు.

ఆదివారం మధ్యాహ్నం వాగు దాటాం. నీళ్లు పాదాల మీదికి కూడా రాలేదు. దారి పొడుగునా ఆయన చెప్పాల్సిన మాట సాధన చేశాడు. "కొన్నాళ్లు దారి బందు. అటు చుట్టు తిరిగి పొండి." అంతే. లైటు మాట ఎత్తకూడదు.

మొదటి ఇంట్లో ఒక జంట మేకలకు కొమ్మలు నరుకుతున్నారు. మమ్మల్ని చూసి మంచం వాల్చి టీ పెట్టారు. మామ తన వాక్యం చెప్పాడు.

"ఎందుకన్నా?" అన్నాడు ఆ ఇంటాయన.

మామ ఒక్క గుక్క తాగాడు. "లైటు పెడ్తున్నం."

ఎవరైనా గొడవ పడతారని నేను అనుకున్నాను. ఎవరూ పడలేదు. ఆయన తల ఊపి, "అవునా. మంచిగ పెట్టుకో. పందులు మస్తుగున్నయ్" అన్నాడు. తర్వాత మేకల వైపు చూసి, "మాకు జెప్పినవ్, సరే. వీటికి నువ్వే జెప్తవా, మేం జెప్పాల్నా?" అన్నాడు.

ఆయన భార్య నవ్వింది. మామ కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

రెండో ఇంట్లో ఒక ముసలాయన గంప అల్లుతున్నాడు. చెవులు సరిగ్గా వినపడవు. మామ వంగి, "తాతా, దారి బందు" అన్నాడు. ముసలాయన "ఆఁ?" అన్నాడు. "లైటు పెడ్తున్నం" అన్నాడు మామ. "ఆఁ?" మామ అటూ ఇటూ చూసి, గొంతు పెంచి, "కరెంటు" అన్నాడు. అప్పటిదాకా ఆ మాట ఆ చుట్టుపక్కల ఎవరూ అంత గట్టిగా అనలేదు. రెండిళ్ల అవతల వంగి పొయ్యి ఊదుతున్న ఆమె కూడా తలెత్తి చూసింది.

ముసలాయన అల్లడం ఆపి మామను తేరిపార చూశాడు. "కరెంటా? మంచిదే. మా ఇంట్ల మూడు దినాల సంది లేదు. మాకు గూడ ఇంత తగిలియ్యి."

ఇక్కడ కూడా టీ వచ్చింది. వద్దనడానికి లేదు. వద్దంటే చెప్పడానికి వచ్చినట్టు కాదు, తగాదాకు వచ్చినట్టు.

మూడో ఇంటి ముందు ఒకామె చింతపండు గింజ తీస్తోంది. మామ ఆమెను చెల్లె అంటాడు. మా చేనులో కలుపులకు, కోతలకు ఎన్నో ఏళ్లుగా వచ్చే మనిషి. ఇప్పపువ్వుకు గూడెం నుంచి అందరికంటే ముందు బయలుదేరేది ఆమే. మేం వచ్చిన పని అప్పటికే ఆమెకు తెలిసిపోయింది, ముసలాయన పుణ్యమా అని.

"ఏం అన్నా, దారి బందంటనా?"

"కొన్నాళ్లే చెల్లే. కోత అయ్యేదాక."

"సరే మరి. పొద్దుమాపు పెడ్తవా?"

"పొద్దుమాపే. తెల్లారంగనే తీసేస్త. నేను లేవంగనే మొదటి పని అదే."

ఆమె ఇంకొక చింతకాయ అందుకుని, గింజ తీసి, చేటలో వేసింది.

"నువ్వు లేవకుంటే?"

"లేవకపోవుడేంది? రోజూ లేస్తున్న గద."

"అవ్, లేస్తున్నవ్" అంది ఆమె. "మా ఇంటాయన గూడ రోజూ లేసేటోడు."

దెప్పిపొడుపుగా అనలేదు. గుర్తొచ్చింది, అంది. ఆమె భర్త ఒక రాత్రి పడుకుని మర్నాడు లేవలేదు. ఆ కాలం కూడా ఇలాంటిదే, మక్క కోతల ముందు. మామే వెళ్లి పాడె కర్రలు కొట్టించాడు. ఆమె వేలితో గింజలు పక్కకు నెట్టి, అదే గొంతుతో అంది. "పోనీ గిట్ల జేద్దాం. మేం ఇంటికాడనే ఆగుతం. నువ్వు తీగ తీసి, గూడెం దాకా వచ్చి, తీసిన అని జెప్పు. నువ్వొస్తే పోతం. రాకుంటే పోము."

న్యాయమైన ఏర్పాటు. అందులో తప్పు ఏమీ లేదు. మామ "సరే చెల్లే" అన్నాడు. టీ తాగడం మొదలుపెట్టాడు, కాని గ్లాసు సగం దాకా వచ్చి ఆగింది. ఆయన చొక్కా జేబులోంచి బీపీ బిళ్లల అట్ట కొస కనపడుతోంది. దాన్ని లోపలికి నెట్టుకున్నాడు. ఆయన మనసులో ఏం నడిచిందో నేను అడగలేదు. నా మనసులో నడిచింది మాత్రం ఇది. ఒక పొద్దున మామ రాడు. గూడెం ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని ఎదురుచూస్తారు. ఎంతసేపని? ఎవరో ఒకరు, ఏమైందో చూసొద్దామని, అదే గట్టు ఎక్కి మా ఇంటికి బయలుదేరతారు. మొదట బయలుదేరేది ఈమే.

ఆ ఇంటి నుంచి బయటికొచ్చాక మామ వాగు వైపు నడిచాడు.

"మామా, ఇంకా ఇళ్లున్నయ్ గద" అన్నాను.

"చాయ్ ఎక్కువైంది అల్లుడూ. కడుపుల మంటగుంది. ఇంకోనాడొద్దాం."

ఆ సాయంత్రం తీగ తగిలించలేదు. మర్నాడూ లేదు. అత్తయ్య అడిగితే, "ఇంకా గూడెంల అందరికీ జెప్పలే, ఎట్ల పెడ్త?" అన్నాడు. పక్క చేనాయన అడిగినా అదే జవాబు. చెప్పని ఇళ్లు మిగిలాయి కాబట్టి దారి మూయలేదు. దారి మూయలేదు కాబట్టి కరెంటు పెట్టడానికి లేదు. కరెంటు వద్దని ఆయన ఎక్కడా నిర్ణయం తీసుకోలేదు, ఆ మాట ఎవరితోనూ అనలేదు. పద్ధతి ప్రకారం చెప్పడం పూర్తికాలేదు, అంతే. ఆయనకు పద్ధతి మీద ఇంత పట్టుదల ఉందని మాకు అప్పటిదాకా తెలియదు.

"ఆ చెప్పేదేదో పోయి చెప్పు మరి" అంది అత్తయ్య, పరీక్షించడానికి.

"తీరిక ఉండాలె గద" అన్నాడు మామ, మంచం మీద పడుకుని.

తర్వాతి శనివారం నేను వెళ్లి, ఆదివారం పొద్దున్నే ఆయనతో పాటు చేను చూడ్డానికి వెళ్లాను. తీగ అలాగే ఉంది, ఉత్త తీగ. పందులు దాని కింది నుంచి వచ్చి వెళ్లిన జాడ ఉంది. అడవి వైపు సగానికి సగం పోయింది. గూడెం ఆడవాళ్లు అప్పుడే తీగను కాలెత్తి దాటుకుంటూ పోయారు, బుట్టలు నెత్తిన పెట్టుకుని, మాట్లాడుకుంటూ. వాళ్ల పాదాల గుర్తుల పక్కనే, కొంచెం ముందే పోయినట్టు, ఇంకో పాదం గుర్తులు ఉన్నాయి. మనిషి పాదంలాగే వెడల్పుగా, వేళ్ల ముందు గోళ్ల గీతలతో. తీగ దగ్గర పుల్ల ఒకటి వంగి ఉంది, తీగకు నాలుగు నల్లటి బొచ్చు పోగులు అంటుకుని ఉన్నాయి. ఎలుగు అని నేను చెప్పాల్సిన పని లేకపోయింది. ఇప్పచెట్ల వైపు పోయింది. చేనులోకి దిగిన జాడ లేదు.

మామ పోగులను వేళ్లతో తీసి చూసి, వదిలేశాడు. "మక్క ముట్టలే ఇది" అన్నాడు. తర్వాత వంగిన పుల్లను సరిచేయబోయి, ఆగి, పీకేశాడు. దాని పక్కదీ పీకాడు. నేను రెండో కొస నుంచి చుట్టుకుంటూ వచ్చాను. మధ్యలో కలిశాం.

"అందరికీ జెప్పేసరికి కోతొస్తది. ఇంక ఎందుకు?" అన్నాడు.

గింజలో ఇంకా తేమ ఉండగానే కోయించాడు. గూడెం వాళ్లే వచ్చారు కోతకు. తేమ అని కొనేవాళ్లు ముఖం చిట్లించారు, అడ్డంగా బేరమాడారు. పోయింది పోగా మిగిలింది చూస్తే, భూమి కౌలుకివ్వాల్సిన అవసరం ఆ ఏటికి తప్పింది. వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు. కోసిన మర్నాడు పట్టపగలే మంద దిగింది. పెద్దవి రెండు, వాటి వెనక చారల పిల్లలు, రాలిన కంకులు ఏరుకుంటూ. మేం గట్టు మీద నిలబడి ఉన్నా తలెత్తలేదు. మామ ఒక రాయి తీసుకుని, కాసేపు పట్టుకుని, కింద పడేశాడు.

"పందులు తినని పంట ఏదన్న ఉందా అల్లుడూ? నువ్వు చదివినవ్ గద."

"మిరప తినవు మామా."

"మిరపా?" అన్నాడు. "దాన్ని రేటు తింటది."

ఆ తర్వాతి యాసంగికి మళ్లీ మక్కే వేశాడు. కాకపోతే అడవి వైపు, దారి పక్కన, కొంత మేర దున్నకుండా వదిలాడు. ఎందుకని అడిగితే ట్రాక్టరు మళ్లడానికి జాగా అన్నాడు. ట్రాక్టరు మళ్లడానికి ఎంత జాగా కావాలో నాకు తెలుసు. ఆయన వదిలినదాంట్లో రెండు ట్రాక్టర్లు ఎదురెదురుగా వచ్చి, దిగి, మంచీచెడూ మాట్లాడుకుని పోవచ్చు. అక్కడిప్పుడు గడ్డి, తుంగ, ఏవో దుంపల తీగలు మొలిచాయి. పందులు మొదట అక్కడే ఆగుతున్నాయి. తర్వాత చేనులోకి కూడా వస్తున్నాయి, కాని కొంచెం కడుపు నిండాక.